మార్కుల్లో తరుగు

నా గోడు ఇప్పటిదాకా ఎవరూ వినలేదు. చెప్పబోయిన ప్రతిచోటా ఒకటే మర్యాద జరిగింది. మా ఆవిడ మొదటి వాక్యానికే "మల్ల ఆ ప్యాకేజీ కథేనా?" అని లేచి కుక్కర్ పెట్టింది. సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర మా ఆఫీసు కింద టిఫిన్ సెంటర్ నడిపే ఆయన, నేను కథ ఎత్తుకోగానే చట్నీ తెస్తానని లోపలికి పోయాడు. ఇంతవరకు చట్నీ రాలేదు. ఇక అసలు దోషి, ఆ ప్యాకేజీ రాసిన మహానుభావుడు, నేను రాసిన రెండు పేజీల ఫిర్యాదుకు ఒక్క వాక్యం రాసి, కొన్నాళ్లకు ఆ ఫిర్యాదునే మూసేశాడు. ఒక్క వాక్యం! మా వీధి కుక్క కూడా నన్ను చూస్తే అంతకంటే ఎక్కువ మొరుగుతుంది.

కాబట్టి ఇక మీరే దిక్కు. నేను చెప్పబోయేది ఒక సర్వనాశనం గురించి. మిర్యాలగూడలో రైతులు ఒక మిల్లు సేటుకు శాలువా కప్పుతామని బయల్దేరడం, కోదాడలో ఒక బడి మొత్తంలో ఒక్క పిల్లకూ వందకు వంద రాకపోవడం, హాలియాలో మా బావ నా పేరు వింటే కంచం పక్కకు నెట్టడం, ఇవన్నీ ఒకే మనిషి ఒకే పెన్‌డ్రైవ్‌తో చేసిన పనులు. ఆ మనిషిని నేనే. అయినా తప్పు నాది కాదు. పూర్తిగా కాదు. చదివాక మీరే తీర్పు చెప్పండి. దయచేసి మధ్యలో ఫోన్ చూసుకోకండి.

నేను చిన్న చిన్న వ్యాపారాలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. ప్రోగ్రాం అంతా ఒక్కరే కూర్చుని రాయరు. పెళ్లికి షామియానా, కుర్చీలు, గుండిగలు కిరాయికి తెచ్చుకున్నట్టు, ఎవరెవరో ముందే రాసిపెట్టిన ముక్కలు తెచ్చుకుంటాం. తేదీల లెక్కకు ఒక ముక్క, ప్రింటు తీయడానికి ఒకటి, దశాంశాలను సవరించి పూర్ణసంఖ్య చేయడానికి ఒకటి. వీటినే ప్యాకేజీలంటారు. వీటిని తెచ్చిపెట్టడానికి ప్యాకేజీ మేనేజర్ అని ఒక పనిముట్టు ఉంది. ఫలానా ముక్క, ఫలానా వెర్షన్ కావాలని రాసిస్తే ఇంటర్నెట్ నుంచి అదే దించుకుంటుంది. దానికి తోడు కావలసిన ముక్కల్ని కూడా వెంటబెట్టుకొస్తుంది. అందరూ వాడతారు. నేను వాడేవాణ్ణి కాదు. కారణం ఉంది.

చాలా ఏళ్ల కిందట సూర్యాపేటలో ఒక పురుగుమందుల దుకాణానికి బిల్లుల ప్రోగ్రాం రాశాను. అప్పుడు నేనూ అందరిలాగే ఆ మేనేజర్‌నే వాడాను. సీజను మొదలైన రోజు, దుకాణం నిండా రైతులు. ఆ ఉదయమే ఆ పనిముట్టు నన్నొక మాటైనా అడగకుండా దశాంశాల ప్యాకేజీ కొత్త వెర్షన్ దించుకొచ్చింది. వెర్షన్ ఫలానా అని రాయకపోతే కొత్తదే తెస్తుందట. నాకెవరు చెప్పారు? బిల్లులన్నీ వంకర తిరిగాయి. దుకాణం ఆయన అంతమంది ముందర చేతిలోని కాలిక్యులేటర్ ఎత్తి చూపించి, "సత్యం, నీకన్న ఇది నయం గదనయ్యా! తిండి గూడ అడగది!" అన్నాడు. రైతులు నవ్వారు. ఒకాయన నవ్వలేక కూర్చుని మరీ నవ్వాడు. ఆయన ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. సంతలో ఎక్కడైనా కనిపిస్తే ముఖం తిప్పుకుంటాను. ఎందుకో ఆయనకు తెలియదు.

ఆ రోజే ప్యాకేజీ రాసినాయనకు ఫిర్యాదు రాశాను. ఏ దేశమో తెలియదు. ఆయన ఫొటో ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ ఉంది. నా వంటి పెద్దమనిషి తన గౌరవానికి జరిగిన భంగం గురించి రెండు పేజీలు రాస్తే, పిల్లి ఒక్క వాక్యం రాసింది. ఆ అవమానానికి నేనింకేమీ రాయలేదు. కొన్నాళ్లకు ఫిర్యాదు మూసేసినట్టు కబురొచ్చింది.

ఆ రోజు నుంచి ప్యాకేజీలన్నీ నా చేత్తోనే. నేనే వెతికి, నేనే దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బస్సెక్కి వెళ్లి, నా చేత్తో కాపీ చేసేవాణ్ణి. కూరగాయలు ఒక్కొక్కటీ గిల్లి చూసి కొనే మనిషికి సంచి కట్టి ఇంటికి పంపిస్తామంటే ఎలా నచ్చుతుంది?

వ్యాపారంలో నా భాగస్వామి లావణ్యకు మాత్రం ఇది నచ్చేది కాదు. కోదాడ అమ్మాయి. మాట మెత్తన, పట్టు గట్టిది. చేరిన కొత్తలోనే నా పెన్‌డ్రైవ్ తెరిచి చూసి, బావిలో తొంగిచూసినట్టు వెనక్కి జరిగింది.

"సత్యం గారూ, ఇదేంటండీ? దశాంశాల ప్యాకేజీయే ఇన్నిసార్లు ఉంది. 'రౌండ్', 'రౌండ్ కొత్తది', 'రౌండ్ ఫైనల్', 'రౌండ్ అసలు ఫైనల్'. వీటిలో ఏది వాడాలండీ?"

"చూస్తే తెలుస్తలేదా? అసలు ఫైనల్."

"మరి ఉత్త ఫైనల్?"

"అది అప్పటి ఫైనల్."

"దేంట్లో ఏముందో ఎలా తెలుస్తుందండీ?"

"నాకు తెలుసు గద!"

"మేనేజర్ పెట్టుకుంటే ఎక్కడ ఏ వెర్షన్ ఉందో అదే చెబుతుందండీ. మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు."

"గుర్తుపెట్టుకునుడు నాకు కష్టమనుకున్నవా? మా పెండ్లిల నాకు విస్తరి ఎయ్యకుండ పక్కోనికి ఏసినోని పేరు గూడ చెప్తా, వింటవా?"

ఆమె వినలేదు. చూశారా? అందరూ అంతే.

ఇక తరుగు సంగతి. పట్నంలో ఉండేవాళ్లకు తెలియకపోవచ్చు. వడ్లలో తేమ ఉంటుంది, గింజ లేని తాలు ఉంటుంది, మట్టి ఉంటుంది. కాంటా మీద తూగిన బరువులోంచి వాటి పేరు చెప్పి మిల్లువాళ్లు కొంత కోసేస్తారు. అదే తరుగు. రైతుకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మా బావ యాదయ్యకైతే చెప్పనవసరం లేదు. మా అక్క మొగుడు, హాలియా దగ్గర వరి పండిస్తాడు, మిర్యాలగూడలో నేను ప్రోగ్రాం రాసిచ్చిన మిల్లుకే అమ్ముతాడు. వడ్లు కాంటా ఎక్కిన ప్రతిసారీ ఆయనకు నేను గుర్తొస్తాను.

"ఏం బామ్మర్దీ, ఆ తరుగు కోసే కత్తెర నువ్వే జేసిచ్చినవట గద!"

"నేను ప్రోగ్రాం రాసిన బావా. తరుగు ఎంతనేది సేటు ఇష్టం."

"కత్తెర జేసినోడు గూడ గిట్లనే అంటడు."

సేటు నన్ను తరుగు అడిగిన రోజు, దాన్ని పద్ధతిగా బిల్లు లెక్కలో పెట్టాల్సింది. అందుకు నాకు రెండు రోజులు పడుతుంది. సేటు మాత్రం కాంటా పక్కనే కుర్చీ వేసుకుని, "ఇప్పుడే కావాలె సత్తెన్నా, ట్రాక్టర్లు నిలవడ్డయి" అన్నాడు. బరువులన్నీ ఎలాగూ దశాంశాల ప్యాకేజీలోంచే పోతాయి కదా అని, నేను ఆ ప్యాకేజీ కడుపు కోసి, లోపల రెండు వరుసలు పెట్టి కుట్టేశాను. ఏ సంఖ్య వచ్చినా ముందు నూటికి రెండు తగ్గించు, ఆ తర్వాత పూర్ణసంఖ్య చెయ్యి. పక్కన తెలుగులో వివరం కూడా రాశాను: 'తేమ, తాలు, మట్టి కింద కోత.' మేనేజర్ వాడేవాళ్లకు ఈ సుఖం ఎక్కడిది? వాళ్లు పరాయివాడి ప్యాకేజీని ముట్టుకోరు. నేను దాన్ని ఇల్లరికపు అల్లుడిలా చూసుకున్నాను, అంటే ఎంత కావాలంటే అంత తిట్టి, వంచి, నా దారికి తెచ్చుకున్నాను.

ఈ ఆపరేషన్ అయిన ప్యాకేజీకి 'రౌండ్ ఫైనల్' అని పేరు పెట్టాను. ఏ కోతా లేనిది 'రౌండ్ అసలు ఫైనల్'. లేదా ఇది అది, అది ఇది. ఆ 'లేదా' దగ్గరే మనం మునిగాం.

బావ కూతురు అక్షిత కోదాడలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. మా అక్క పట్టుబట్టి చేర్పించింది. బావకు మొదటినుంచీ ఇష్టం లేదు. "హాలియాల బడి లేదా? ఇంత దూరమెందుకు?" అనేవాడు. నిజం ఏమిటంటే, ఆ పిల్ల ఎదురుగా లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఆ మాట చెప్పడానికి మగవాణ్ణన్న బింకం అడ్డం, అందుకని చదువు మీద పెట్టేవాడు. "ఒక్క సబ్జెక్టుల తప్పినా పెట్టె సదురుకొని ఇంటికి రావాలె" అని షరతు పెట్టి పంపాడు. అక్షితకు మిగతావన్నీ బాగానే వస్తాయి, లెక్కలే పడవు. ఆ బడిలో తన స్నేహితులున్నారు, తనతో ఓపికగా కూర్చుని లెక్కలు చెప్పే టీచరమ్మ ఉంది. అక్కడే ఉండి పదో తరగతి పూర్తి చేయాలని ఆ పిల్ల పట్టుదల. ఆ బడికి మార్కుల ప్రోగ్రాం రాసింది కూడా నేనే. "మా మామ కంప్యూటర్ల పెద్ద తోపు మేడం" అని అక్షితే ప్రిన్సిపల్‌కు చెప్పి ఆ పని ఇప్పించింది. పాపం.

వేసవి మొదట్లో యాసంగి వరి కోతలు, వార్షిక పరీక్షలు ఒకేసారి వస్తాయి. ఆ ఏడు మిల్లు కంప్యూటర్‌లో తవుడు పేరుకుని అది కన్ను మూసింది. సేటు కొత్తది కొన్నాడు. అదే వారం బడివాళ్లూ కొత్తవి కొన్నారు. ప్రోగ్రాములు మళ్లీ ఎక్కించాలి. పొద్దున్నే మిర్యాలగూడ, సాయంత్రానికి కోదాడ అని బయల్దేరాను. లావణ్య మెట్ల దాకా వెంటపడింది.

"రెండు చోట్లా ఇంటర్నెట్ ఉందండీ. మేనేజర్‌తో అయితే ఇక్కడ కూర్చునే ఎక్కించెయ్యొచ్చు."

"నా చేత్తో పెట్టింది నా చేత్తోనే పెడ్త."

"కనీసం ఏ ఫోల్డర్ ఎక్కడికో కాగితం మీదన్నా రాసుకోండి."

"నువ్వు ఇడ్లి నోట్లెకు పోవాల్నని కాగితం మీద రాసుకుంటవా?"

ఈ మాట నాకప్పుడు చాలా గొప్పగా అనిపించింది. బస్సులో కూర్చుని రెండుసార్లు నాకు నేనే అనుకుని నవ్వుకున్నాను కూడా. పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లిపోయాడు.

మిల్లులో ప్యాకేజీ వేశాను. పరీక్షించలేదా అని మీరు అడుగుతారు. ఎందుకు పరీక్షించలేదు? ఒక ట్రాక్టర్ కాంటా ఎక్కింది. తూకం వచ్చింది, చీటీ వచ్చింది, టీ వచ్చింది. తరుగు వచ్చిందో లేదో చూద్దామనుకునేలోపు టీ చల్లారేట్టు ఉంది. కోదాడ బడిలోనూ పరీక్షించాను. ఒక పిల్లవాడి పేరు రాసి మార్కుల దగ్గర సున్నా కొట్టాను. సున్నాయే వచ్చింది. భేష్ అనుకుని బస్సెక్కాను. సున్నాలో నూటికి రెండు కోస్తే ఎంత మిగులుతుందో నన్నెవరైనా అడిగారా?

రెండు రోజులకు బావ ఫోన్. జన్మలో నాకు ఫోన్ చేసి నవ్వని మనిషి నవ్వుతున్నాడు.

"బామ్మర్దీ! ఇయ్యాల కాంటల మనయి ఎంత తూగినయో అంతే రాసిన్రు! తరుగు లేదు! సేటుకేమైందో ఏమో, గుడి గిట్ల గడుతున్నడా?"

"నా ప్రోగ్రాం బావా. కొత్త కంప్యూటర్ల మంచిగ నడుస్తుంది."

"నువ్వు సల్లగుండాలె! నీ నోట్ల చక్కెర పొయ్య!"

పొగడ్తలకు అలవాటులేని మనిషిని. అది నా ప్రోగ్రాం గొప్పతనమేనని నమ్మేశాను. కోసే కత్తెర కోయడం మానేస్తే అది బాగా పనిచేస్తున్నట్టా, చెడిపోయినట్టా అని ఒక్క క్షణం ఆలోచించాల్సింది. ఆ క్షణం నా దగ్గర లేదు. చక్కెర మీద ధ్యాస.

మూడోనాడు మళ్లీ బావే. ఈసారి ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది.

"పొల్ల లెక్కలల్ల ఫేలయింది! ముప్పై నాలుగు! నేను ముందుగాలనే చెప్పిన్నా లేదా? రేపు పోయి పెట్టె ఎత్తుకొస్తున్న. మీ అక్కకు నువ్వే చెప్పు!"

"ముప్పై అయిదు పాసు గద బావా. ఒక్క మార్కు..."

"పొల్ల గూడ గదే అంటుంది. పేపర్ల ముప్పై అయిదే వచ్చినయి, టీచర్ చూపిచ్చిందని ఏడుస్తుంది. అబద్ధమా, నిజమా?"

ఇక్కడ, ఓ పాఠకులారా, నేనన్న మాట చదివి నన్ను తిట్టుకోండి. నాకూ తిట్టుకోవాలనే ఉంది.

"కంప్యూటర్ అబద్ధం చెప్పది బావా. ఆ ప్రోగ్రాం నేనే రాసిన. నా చేత్తో పెట్టిన."

ఫోన్ అంతటితో పెట్టేసినా బాగుండేది. మామ హోదాలో హాస్టల్‌కు ఫోన్ చేసి, అక్షితను పిలిపించి, ఉపన్యాసం దంచాను.

"ఒక్క మార్కని గాదు బిడ్డా. అబద్ధం ఆడుడు తప్పు."

"నేను అబద్ధం ఆడలే మామా. మా క్లాసుల అందరికి తక్కువనే వచ్చినయి. శ్రావ్యకు ఎప్పుడూ వందకు వంద వస్తయి, ఈసారి తొంభై ఎనిమిది."

"అంటే శ్రావ్య గూడ చదువలేదన్నట్టు."

"సైన్సుల గూడ తొంభై ఎనిమిదే. సోషల్ల గూడ."

"చూసినవా? అన్నిట్ల నిర్లక్ష్యమే."

అక్షిత మెల్లగా, "నువ్వు గూడ నమ్మవా మామా?" అంది. నేను గొంతు సవరించుకుని, "నేను కంప్యూటర్‌ను నమ్ముతా" అన్నాను. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. అప్పుడు దాన్ని కూడా నాకు జరిగిన అవమానాల్లోనే వేసుకున్నాను.

మర్నాడు ప్రిన్సిపల్ మేడం రమ్మంది. బడి వరండాలో తల్లిదండ్రులు వడ్ల ట్రాక్టర్లలా బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు శ్రావ్య తండ్రి, రెండు మార్కుల కోసం యుద్ధానికొచ్చినవాడిలా చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. ఆఫీసు గదిలో లావణ్య అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇల్లు దగ్గర కదా, మేడం ముందుగా ఆమెను పిలిచిందట, అదొక అవమానం. గుమ్మం దగ్గర బావ. బయట ఆయన బండి మీద అక్షిత ట్రంకు పెట్టె అప్పటికే తాళ్లతో కట్టి ఉంది. ఆ పక్కన అక్షిత, కళ్లు ఎర్రగా, నన్ను చూసి గోడ వైపు తిరిగింది.

"రండి సత్యం గారూ," అంది మేడం. "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదండీ. పేపర్లలో ఒక మార్కు, కంప్యూటర్లో ఇంకో మార్కు. యాభై వస్తే నలభై తొమ్మిది. వంద వస్తే తొంభై ఎనిమిది."

"టీచర్లు తప్పు కొట్టి ఉంటరు మేడం."

"టీచర్లందరూ ఒకేలా తప్పు కొడతారా అండీ?"

"మీ బడిల క్రమశిక్షణ ఎక్కువ గద."

ఇంతలో నా ఫోన్ మోగింది. మిల్లు సేటు.

"సత్తెన్నా! ఏం జేసినవయ్యా నన్ను? రైతులు నాకు దండాలు పెడుతున్నరు!"

"మంచిదే గద సేటూ."

"ఏం మంచిది? పొద్దుగాల నుంచి శాలువా కప్పుతమని గేటుకాడ నిలవడ్డరు! పక్క మిల్లు కాడికి పోవల్సిన ట్రాక్టర్లన్ని నా కాడికే వస్తున్నయి, రోడ్డు జామ్! అసలేందని చీటీలు చూస్తే తరుగు పోతనే లేదు! నూటికి రెండు కొయ్యాల్నా? అసలుకే కోస్తలేదు! యాడ వోయింది నా తరుగు?"

ఆయన అరిచిన అరుపుకు స్పీకర్ పెట్టవలసిన అవసరమే రాలేదు. గదిలో అందరికీ వినిపించింది. లావణ్య చేయి కీబోర్డ్ మీద ఆగిపోయింది. మెల్లగా నా వైపు తిరిగింది.

"సత్యం గారూ. మిల్లులో నూటికి రెండు పోవడం మానేసిందా?"

"అది తర్వాత సంగతి..."

"ఇక్కడ నూటికి రెండు పోతోందండీ."

ఆమె మళ్లీ కీబోర్డ్ వైపు తిరిగింది. ప్యాకేజీ తెరిచింది. దశాంశాల మధ్య, ఇంగ్లీషు అక్షరాల మధ్య, నా తెలుగు వాక్యం పెళ్లి భోజనంలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషిలా తళతళా మెరుస్తోంది. లావణ్య దాన్ని పైకి చదివింది.

"తేమ, తాలు, మట్టి కింద కోత."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"అంటే... మా పిల్లల్లో తాలు ఉందా అండీ?"

"అది కాదు మేడం..."

"తేమ ఎంతుందో మీరెప్పుడు కొలిచారు?"

శ్రావ్య తండ్రి గుమ్మంలోంచి తల పెట్టి, "మా అమ్మాయిలో మట్టేంటండీ?" అని అరిచాడు. ఈ గోలంతా దాటుకుని మా బావ గదిలోకి వచ్చాడు. కోపంతో ముఖం కందగడ్డ. నా ఎదురుగా నిలబడి, ఒక్కో మాట తూచి అన్నాడు.

"ఇన్నేండ్లు మా వడ్లల్ల కోసిన్రు. ఊకున్నం. ఇగ మా పిల్లల కాన్నుంచి గూడ కోస్తరా బామ్మర్దీ?"

నేను సేటు ఫోన్ కట్ చేసి మేడం కుర్చీ వెనక్కి జరిగాను. జీవితంలో ఒక్కసారి వెనక్కి జరిగాను, దానికే సాక్షులు ఇంతమంది.

లావణ్య నా పెన్‌డ్రైవ్‌ను, చచ్చిన బల్లిని తీసినట్టు రెండు వేళ్లతో లాగి నా చేతిలో పెట్టింది. మేనేజర్ ఎక్కించింది. ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ అని రాసిచ్చింది. రాసినాయన రాసింది రాసినట్టే, కడుపుకోత లేకుండా, కుట్లు లేకుండా దిగొచ్చింది. నేను బస్సుల్లో రోజంతా తిరిగి నాశనం చేసిన పనిని ఆ పనిముట్టు మేడం తెప్పించిన మంచినీళ్లు తాగేలోపు బాగుచేసింది. నాకు కోపం రాదా?

మేడం అక్షిత పేరు కొట్టింది. తెరమీద లెక్కల గడిలో ముప్పై అయిదు కనిపించింది.

బావ ఆ అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత బయటికి నడిచి, బండికి కట్టిన తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ముడులు గట్టిగా వేసినట్టున్నాడు, ఒకటి పంటితో లాగి విప్పాడు. పెట్టె దింపి కూతురి ముందు పెట్టి, "పదో తరగతి గూడ ఈడనే సదువు" అని, ముఖం తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

అప్పుడు అక్షిత నా దగ్గరికొచ్చింది. అందరూ సంతోషంగా ఉన్నారు, ఇక క్షమించేసిందని అనుకున్నాను.

"మామా, నా దాంట్ల కోసిన ఆ ఒక్క మార్కు ఎవరు తిన్నరు?"

మా వైపు తరుగు గురించి రైతులందరూ అడిగే ప్రశ్నే. దానికి ఇంతవరకు ఏ మిల్లువాడూ జవాబు చెప్పలేదు. నేనెలా చెప్పగలను?

మిల్లు సంగతీ అదే రోజు లావణ్యే చక్కబెట్టింది. ప్యాకేజీని ముట్టుకోకుండా, తరుగును పద్ధతిగా బిల్లు లెక్కలో పెట్టింది. చీటీ మీద కోత వేరే వరుసలో స్పష్టంగా కనిపిస్తుంది. సేటుకు తరుగు దొరికింది. శాలువాలు గేటు దగ్గరి నుంచే వెనక్కి మళ్లాయి. ఎవరు తరుగు తిరిగి పెట్టించారని రైతులు ఆరా తీస్తే, సేటు ఏమాత్రం మొహమాటం లేకుండా నా పేరు చెప్పాడు. బావ ఫోన్ చేసి, "నా బిడ్డ మార్కు నాకిచ్చినవు, నా వడ్లు మల్ల గుంజుకున్నవు. నీ లెక్క బరాబరే బామ్మర్దీ!" అన్నాడు. ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేశాడు. అక్కను పంపిస్తాడు. అక్క చేతిలో బియ్యం పంపిస్తాడు. తూచి చూసుకొమ్మని కబురు కూడా పంపిస్తాడు.

అయినా నా మాట నేను వదల్లేదు. వేసవి సెలవుల్లో అక్షిత మా ఇంటికొచ్చినప్పుడు, దీనికంతటికీ మూలం ఎవరో చూపిద్దామని ఆ పాత ఫిర్యాదు తెరిచాను. "చదువు. నేను రెండు పేజీలు రాసిన. ఆయన ఒక్క వాక్యం రాసి మూసేసిండు. ఆయన సక్కగ జవాబు చెప్పి ఉంటే నేను మేనేజర్ విడిచిపెట్టకపోదును, పెన్‌డ్రైవ్ పట్టకపోదును, నీ మార్కు పోకపోవును."

అక్షిత నా రెండు పేజీలు దాటేసి కింది వాక్యం చదివింది. ఇంగ్లీషులో ఉంది. తల ఎత్తి నన్ను చూసింది.

"మామా, ఇది జవాబు గాదు. ప్రశ్న. 'మీరు వాడుతున్నది ఏ వెర్షన్?' అని అడిగిండు."

"ఔ. చూసినవా పొగరు?"

"నువ్వేమన్నవు?"

"నేనేమంట? నా పరువు వోయిందని నేను చెప్తుంటే, వెర్షన్ ఏందని అడుగుతడా?"

"అంటే ఆయన అడిగితే నువ్వే చెప్పలే. నువ్వు చెప్పకపోయినందుకే మూసేసిండు."

ఈ కాలం పిల్లలకు పెద్దల బాధ అర్థం కాదు. అయినా, నిజం చెప్పాలంటే, అప్పుడు చెప్పడానికి నాకు వెర్షన్ తెలియదు. తెలియని మాట తెలియదని ఒక పిల్లి బొమ్మకు ఎలా రాస్తాను?

ఇప్పుడు తెలుసు. లావణ్య పెట్టిన మేనేజర్ ఆ పురుగుమందుల దుకాణం పాత ప్రోగ్రాం చూసి చెప్పింది. కాబట్టి మీ అందరి ముందర ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ప్యాకేజీనీ జేబులో పెట్టుకుని బస్సెక్కను. ఎవరి ప్యాకేజీ కడుపూ కొయ్యను. 'అసలు ఫైనల్' అనే పేరు మా ఇంట్లో పిల్లకు గాని, ఫోల్డర్‌కు గాని పెట్టను. వడ్లను వడ్లుగా, పిల్లలను పిల్లలుగా చూస్తాను. ఈ మాట తప్పితే నా సంపాదనంతా తాలైపోవుగాక.

ఇక అయ్యా, పిల్లి బొమ్మ గారూ. మీరు అడిగారు, నేను ఆలోచించి చెబుతున్నాను: రెండు, చుక్క, నాలుగు, చుక్క, ఒకటి. అదీ వెర్షన్. మీ ప్రశ్నకు జవాబు వచ్చేసింది. ఇక నా రెండు పేజీలు అలాగే ఉన్నాయి. ఫిర్యాదు తెరవండి. జవాబు చెప్పండి. మా అక్షిత ప్రశ్నకు కూడా మీరే చెబితే మరీ మంచిది, ఇక్కడ మిల్లులవాళ్లు గాని, నేను గాని చెప్పలేకపోతున్నాం. ఎదురుచూస్తుంటాను. నాకు మరుపు లేదు.